ఈపీసీ, హ్యామ్, టోల్ బీఓటీ, మున్సిపల్ పీపీపీ: ప్రభుత్వాలు మారినా నిలబడే ఒప్పందం ఏది?

ఏళ్ల తరబడి రోడ్లు, కాల్వలు, పైపులైన్లు వేసి బిల్లు పెట్టుకుంటూ వచ్చిన హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల కాంట్రాక్టు సంస్థల ముందుకు ఇప్పుడు వేరే రకం టెండర్లు వస్తున్నాయి. పని చేసి ఇస్తే సరిపోదు. సొంత డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి కట్టాలి, పదిహేనేళ్లు నిర్వహించాలి, వాయిదాల్లో తిరిగి రాబట్టుకోవాలి. జాతీయ రహదారుల్లో 2016 నుంచి నడుస్తున్న హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిని (అందరూ హ్యామ్ అనేది దీన్నే) ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ రోడ్లకూ తేవాలని రాష్ట్రం 2025లో నిర్ణయించాక, ఇది పెద్ద కంపెనీలకే పరిమితమైన లెక్క కాకుండా పోయింది.

టెండరు చూడగానే మార్జిన్ ఎంత మిగులుతుందని చూడటం అలవాటు. పీపీపీలో (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో) అంతకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. మీకు డబ్బిచ్చేది ఎవరు? ఆ డబ్బును ఒక్క సంతకం పెట్టి గానీ, పెట్టకుండా గానీ ఆపగలిగేది ఎవరు? ఇందులో రెండోదే ఎక్కువ ప్రమాదం. ఒప్పందం రద్దయితే పేపర్లో వస్తుంది, కోర్టుకెళ్తే ఏదో ఒకటి తేలుతుంది. ఫైలు కదలకపోతే వార్త ఉండదు, కోర్టులో సవాలు చేయడానికి ఉత్తర్వూ ఉండదు, బ్యాంకు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

రాజకీయ రిస్కు మూడు రకాలు. మొదటిది ఇలా ఫైలు ఆగడం. హైదరాబాద్ మెట్రో సంగతే చూడండి. 2010లో ఒప్పందం, కేంద్రం నుంచి 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ నిధి (గిట్టుబాటు లోటు పూడ్చే సాయం), దేశంలోనే పెద్ద మెట్రో పీపీపీ అన్న పేరు. మెట్రో చట్టం ప్రకారం తొలి ఛార్జీ నిర్వాహకుడు పెట్టుకోవచ్చు, ఆ తర్వాతి పెంపు ఛార్జీల నిర్ణయ కమిటీ ద్వారానే జరగాలి. ఆ కమిటీ నివేదిక 2023 జనవరిలో వచ్చింది. కొత్త ఛార్జీలు అమల్లోకొచ్చింది 2025 మేలో. అదే నెలలో మళ్లీ 10 శాతం తగ్గించారు. 2025 సెప్టెంబరులో మెట్రోను తీసుకోవడానికి ప్రభుత్వమే సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మధ్యలో ఎవరూ ఒప్పందాన్ని రద్దు చేయలేదు.

రెండో రకం, తిరగదోడటం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్ హక్కులను 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్లకు ఇచ్చారు. ప్రభుత్వం మారింది, 2024 డిసెంబరులో దాని మీద ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులైలో సోలార్, పవన విద్యుత్ ఒప్పందాల ధరలను సమీక్షించడానికి కమిటీ వేశారు. ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని హైకోర్టు ధర్మాసనం చెప్పేసరికి 2022 మార్చి. ఉత్పత్తిదారులు కేసు గెలిచారు. ఆ రెండున్నరేళ్లు తక్కువ మధ్యంతర ధరతో, బకాయిలతో నెట్టుకొచ్చింది కూడా వాళ్లే. జేబు లోతుగా ఉన్నవాడికే ఆ గెలుపు పనికొస్తుంది.

మూడోది, చట్టమో పన్నో ప్రమాణమో మారడం. చాలామంది భయపడేది దీనికే. నిజానికి ఒప్పందాల్లో దీనికే కాస్త మెరుగైన రక్షణ ఉంటుంది.

ఈపీసీ: రిస్కు తక్కువ, లేదని కాదు

ఈపీసీ అంటే డిజైన్, సామగ్రి, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరే చూసుకుని కట్టి అప్పగించే పని. డబ్బు మొత్తం ప్రభుత్వానిదే, దశలవారీ చెల్లింపు, ధరల సర్దుబాటు. రాజకీయ రిస్కు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి బిల్లు. రాష్ట్ర శాఖల పనుల్లో కొలతల పుస్తకం రాసి, బిల్లు పాసై, ఖజానా టోకెన్ కూడా పడి, ఖాతాలో డబ్బు పడని స్థితి ఉత్తర తెలంగాణలో చిన్న కాంట్రాక్టర్లందరికీ తెలిసిందే. టోకెన్ నంబరు వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. అందుకే రాష్ట్ర నిధుల ఈపీసీ అయితే మీ వర్కింగ్ క్యాపిటల్‌ను కనీసం ఆరు నెలల బిల్లు ఆలస్యానికి తట్టుకునేలా లెక్క వేసుకోవాలి. కేంద్ర నిధుల పనుల్లో ఇంత అవసరం పడకపోవచ్చు.

రెండోది లోప బాధ్యత గడువు, అంటే కట్టినదానిలో లోపం బయటపడితే మీ ఖర్చుతో సరిచేయాల్సిన కాలం. జాతీయ రహదారుల ఈపీసీలో తారు రోడ్డుకు ఐదేళ్లు, సిమెంటు రోడ్డుకు పదేళ్లు. ఆ గడువు ఏ రోజున మొదలైందన్నదే తర్వాత పెద్ద తగాదా అవుతుంది. భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బరాజ్‌లో 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాక రిపేరు ఖర్చు ఎవరిదన్న వాదన అంతా పని పూర్తయిన ధ్రువపత్రం, లోప బాధ్యత గడువు చుట్టూనే తిరిగింది. కొన్ని వారాలకే ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది, తర్వాత విచారణ కమిషన్ వచ్చింది. అంత పెద్ద పని మీకు రాకపోవచ్చు, కానీ పాఠం చెక్‌డ్యామ్‌కూ వర్తిస్తుంది. పని అప్పగించిన రోజే పూర్తి ధ్రువపత్రం తీసుకోండి. అందులో లోప బాధ్యత మొదలైన తేదీ, ముగిసే తేదీ రాయించండి. చిన్న పనులు మిగిలి ఉంటే ఆ జాబితాను వేరే కాగితంగా జతచేయించండి. గేట్లు, పంపులు ఉన్న పనైతే అప్పగింత తర్వాత వాటిని ఎవరి ఆదేశంతో నడిపారో చూపే లాగ్‌బుక్ నకలు ప్రతి నెలా తెచ్చుకుని భద్రపరచండి. అధికారులు బదిలీ అవుతారు, ఆ కాగితమే మిగులుతుంది.

హ్యామ్: ఎక్కువ సంస్థలు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే

వంద కోట్ల బిడ్ వ్యయం అనుకుందాం. కట్టే కాలంలో 40 కోట్లు ప్రభుత్వం ఇస్తుంది. జాతీయ రహదారుల్లో మొదట ఇది ఐదు విడతలు, 2020 చివరి నుంచి పది. మిగతా 60 కోట్లు మీరు తేవాలి. ఇందులో బ్యాంకు 45 ఇస్తే, సొంతం 15. రోడ్డు పూర్తయ్యాక 15 ఏళ్లు, ఆరు నెలలకొకసారి యాన్యుటీ (ఆ 60 కోట్లను తిరిగిచ్చే వాయిదా), మిగిలిన మొత్తం మీద వడ్డీ, నిర్వహణ ఖర్చు వేరుగా వస్తాయి. ట్రాఫిక్ ఎంతున్నా మీకు సంబంధం లేదు. అందుకే దీన్ని 'సేఫ్' అంటారు.

ఎంత సేఫ్ అన్నది ఇచ్చేవాడి మీద ఉంటుంది. 45 కోట్ల అప్పు మీద 9.5 శాతం వడ్డీ అంటే నెలకు సుమారు 35.6 లక్షలు. ఒక యాన్యుటీ ఆరు నెలలు ఆగితే వడ్డీ ఒక్కటే 2 కోట్ల 14 లక్షలు, అసలు వాయిదా అదనం. ఆలస్యానికి ఒప్పందంలో వడ్డీ రాసి ఉంటుంది నిజమే, కానీ అదీ తర్వాతే వస్తుంది. అసలు గుర్తుపెట్టుకోవాల్సిన గీత 90 రోజులు. అప్పు వాయిదా 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది. రోడ్డు అద్దంలా ఉన్నా, తప్పు మొత్తం ప్రభుత్వానిదైనా, బ్యాంకు లెక్కలో ఎగవేతదారు మీరే. మీరు కార్పొరేట్ గ్యారంటీ ఇచ్చి ఉంటే ఆ మచ్చ మిగతా పనుల బ్యాంకు గ్యారంటీల దాకా పాకుతుంది.

కాబట్టి ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల సంస్థ) హ్యామ్, రాష్ట్ర హ్యామ్ ఒకే పేరుతో ఉన్నా ఒకటి కావు. రెండేళ్ల నిర్మాణం, పదిహేనేళ్ల యాన్యుటీ కలిపితే మూడు అసెంబ్లీ ఎన్నికలు ఖాయం, నాలుగోదీ రావచ్చు. ప్రతి కొత్త ప్రభుత్వానికీ యాన్యుటీ అంటే పాత ప్రభుత్వం చేసిన అప్పే. రాష్ట్ర హ్యామ్ బిడ్ వేసేముందు ఇవి తేల్చుకోండి: యాన్యుటీ ఏ హెడ్ ఆఫ్ అకౌంట్ (బడ్జెట్ పద్దు) నుంచి వస్తుంది, జీవోలో ఆర్థిక శాఖ సమ్మతి ఉందా, చెల్లించేది శాఖా లేక కార్పొరేషనా, కార్పొరేషనైతే దానికి సొంత ఆదాయం ఏమిటి, ఎస్క్రో ఖాతాలో (ఆ చెల్లింపులకే కట్టుబడిన ప్రత్యేక బ్యాంకు ఖాతా) ముందుగా ఒక యాన్యుటీకి సరిపడా నిల్వ ఉంచాలన్న షరతు ఉందా. చివరిది లేకపోతే ఆరు నెలల అప్పు చెల్లింపుకు సరిపడా రిజర్వును మీరే మొదటి రోజు నుంచి కట్టుకోవాలి, దాని ఖర్చును బిడ్‌లోనే కలపాలి. కలిపితే ఎల్1 (అతి తక్కువ ధర స్థానం) రాకపోవచ్చు. రాకపోతే పోనివ్వండి.

వడ్డీ సూత్రమూ చూడండి. పాత హ్యామ్ ఒప్పందాల్లో మిగిలిన మొత్తం మీద ఆర్బీఐ బ్యాంక్ రేటుకు 3 శాతం కలిపి ఇచ్చేవారు. 2020లో బ్యాంక్ రేటు బాగా పడిపోయింది, బ్యాంకులు ఇచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం అంత తగ్గలేదు. ఆ తేడా సంస్థలే భరించాయి. అందుకే ఆ ఏడాది చివర్లో సూత్రాన్ని మార్చి, పెద్ద బ్యాంకుల ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు అప్పుల కనీస వడ్డీ రేటు) సగటుకు 1.25 శాతం కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. రాష్ట్ర టెండరు పత్రంలో ఏ సూత్రం పెట్టారో స్వయంగా చదవండి. పాత నమూనాను యథాతథంగా దించేసే అలవాటు శాఖలకు ఉంది.

పన్ను సంగతి. ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టుల మీద జీఎస్టీ 2022 జులై 18 నుంచి 12 నుంచి 18 శాతానికి పెరిగింది. యాన్యుటీ మీద పన్ను ఉంటుందని 2021 జూన్ సర్క్యులర్ చెప్పింది, ఆ పన్ను ఎప్పుడు కట్టాలో 2024 జూన్ సర్క్యులర్ తేల్చింది. మధ్యలో మూడేళ్లు అయోమయం. బిడ్ వ్యయంలో జీఎస్టీ కలిసి ఉందా, వేరుగా తిరిగిస్తారా అన్న ఒక్క వాక్యం మీద, పన్ను ఇలా 12 నుంచి 18కి పెరిగినప్పుడు వందకు ఆరు రూపాయలు తేలతాయి, ఆరు శాతం అంటే చాలా పనుల్లో మొత్తం లాభం.

ఇక భూమి. జాతీయ రహదారుల హ్యామ్‌లో నియామక తేదీ (ఒప్పందం గడువు లెక్క మొదలయ్యే రోజు) ప్రకటించాలంటే 80 శాతం భూమి చేతిలో ఉండాలి. 2025 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చిన ఆర్బీఐ ప్రాజెక్టు ఫైనాన్స్ నిబంధనల ప్రకారం పీపీపీ మౌలిక ప్రాజెక్టుకు కనీసం 50 శాతం భూమి లేకుండా బ్యాంకు అప్పు విడుదల చేయకూడదు. ఈ శాతాలు చూసి మోసపోవద్దు. ముక్కలు ముక్కలుగా ఇచ్చిన 80 శాతం కన్నా వరసగా ఉన్న 65 శాతం నయం. వంతెన అప్రోచ్‌కు ఒకవైపు 300 మీటర్లు లేకపోతే ఆ వంతెనా ఆగుతుంది, దానికోసం తెచ్చిన క్రేనూ ఆగుతుంది. ఉత్తర తెలంగాణలో ఎక్కువగా పనులు ఆగేది కొన్ని తెలిసిన చోట్లే. ఎస్సారెస్పీ కాకతీయ కాలువనో దాని డిస్ట్రిబ్యూటరీనో దాటాలంటే నీటిపారుదల శాఖ అనుమతి కావాలి, అదీ కాలువ ఆపిన నెలల్లోనే పని. కాజీపేట, పెద్దపల్లి లైన్ల మీద ఆర్వోబీ (రైలు పట్టాల పై వంతెన) అంటే దక్షిణ మధ్య రైల్వే డ్రాయింగ్ ఆమోదం. కరెంటు స్తంభాలు జరపాలంటే విద్యుత్ సంస్థ ఎన్పీడీసీఎల్ అంచనా, మిషన్ భగీరథ పైపు జరపాలంటే ఇంకో అంచనా. వీటన్నిటినీ టెండరు వేసేముందు అలైన్‌మెంట్ మీద నడుస్తూ కిలోమీటరు రాళ్ల వారీగా రాసుకోండి. భూమి రికార్డులూ అంతే: ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. సేకరణ పూర్తయిందని పత్రంలో రాసి ఉన్నా, సర్వే నంబర్ల వారీగా అసైన్డ్ భూమి, నిషేధిత జాబితా, కోర్టు కేసులు చూడాల్సిందే. జాతీయ రహదారి చట్టం కింద 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామన్న ప్రకటన) తర్వాత ఏడాదిలోగా 3డీ (తీసుకుంటున్నామన్న ప్రకటన) రాకపోతే మొదటిది చెల్లదు, మళ్లీ మొదటికి రావాల్సిందే. గెజిట్ తేదీలు చూడటానికి ఒక పూట చాలు.

మా లెక్కలో ఎన్‌హెచ్‌ఏఐ హ్యామ్‌లో పెద్ద సంస్థ పక్కన 26 శాతం వాటాతోనో, ఈపీసీ ఉపకాంట్రాక్టుతోనో మొదలుపెట్టడం, రాష్ట్ర హ్యామ్‌లో ఒంటరిగా 51 శాతం తీసుకోవడం కన్నా మేలు. రాష్ట్ర హ్యామ్‌లో ఎస్క్రో నిల్వ ఉండి, మొదటి విడత పనుల మొదటి రెండు యాన్యుటీలు సమయానికి పడటం కంటితో చూశాక మాట మార్చుకోవచ్చు.

టోల్ బీఓటీ

సొంత పెట్టుబడితో రోడ్డు కట్టి, గడువు దాకా టోల్ వసూలు చేసుకుని, తర్వాత ప్రభుత్వానికి అప్పగించేది టోల్ బీఓటీ. షామీర్‌పేట నుంచి రామగుండం దాకా ఉన్న రాజీవ్ రహదారి మన ప్రాంతానికి తెలిసిన టోల్ పీపీపీ. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ ప్లాజాల్లో వసూలు. ఇక్కడ డబ్బిచ్చేది ప్రయాణికుడు, కానీ ఎంత ఇవ్వాలో చెప్పేది ప్రభుత్వం. జాతీయ రహదారుల్లో సూత్రం స్థిరంగానే ఉంది: ఏటా 3 శాతం, దానిపై టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం. చుట్టూ ఉన్న నిబంధనలే మారుతుంటాయి. 2016 నోట్ల రద్దప్పుడు నవంబరు 9 నుంచి డిసెంబరు 2 దాకా, కొవిడ్‌లో 2020 మార్చి చివరి నుంచి ఏప్రిల్ 19 దాకా వసూలు ఆపారు. 2025 జులైలో వంతెనలు, సొరంగాలు ఎక్కువున్న చోట్ల రుసుము తగ్గించారు. ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 3,000 రూపాయలకు 200 ట్రిప్పుల వార్షిక పాసు వచ్చింది. ఇలాంటి వాటికి పరిహారం అడగొచ్చు. అడగడానికి రోజువారీ, వాహన రకం వారీ లెక్క కావాలి. పాసు రాకముందు కనీసం 12 నెలల ఫాస్టాగ్ డేటా విడిగా భద్రపరిచినవాడికే పరిహారం లెక్క నిలబడుతుంది.

ట్రాఫిక్ తగ్గితే? కేంద్రం నమూనా ఒప్పందంలో లక్ష్య ట్రాఫిక్ కన్నా తగ్గిన ప్రతి 1 శాతానికి గడువు 1.5 శాతం పెరుగుతుంది, గరిష్ఠంగా 20 శాతం. కాగితం మీద బాగుంది. ఇరవై ఏళ్ల తర్వాత కలిసే నాలుగేళ్లు ఈ ఏడాది బ్యాంకు వాయిదా కట్టవు.

ఇంకో పెద్ద ప్రమాదం పక్క రోడ్డు. 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేసిన నాగ్‌పూర్–విజయవాడ కారిడార్‌లోని 108 కిలోమీటర్ల మంచిర్యాల–వరంగల్ భాగం దూరాన్ని సుమారు 34 కిలోమీటర్లు తగ్గిస్తుందని, ఎన్‌హెచ్-44, ఎన్‌హెచ్-65 మీద రద్దీ తగ్గుతుందని కేంద్రమే చెప్పింది. ప్రయాణికుడికి సంతోషం. పాత దారిలో టోల్ మీద అప్పు తెచ్చినవాడికి ఆ లారీలు పోయినట్టే. అదే రోజు మొదలైన 68 కిలోమీటర్ల కరీంనగర్–వరంగల్ నాలుగు వరసల పనినీ ఈ దృష్టితోనే చూడాలి. కాబట్టి పోటీ సదుపాయం నిబంధన (పక్కన పోటీ రోడ్డు రాకూడదన్న షరతు) ఒప్పందంలో ఉందా, ఏ ఏడాది వరకు, ఎంత దూరం వరకు అన్నది తేల్చుకోకుండా ట్రాఫిక్ అంచనా నమ్మొద్దు.

ఆ నిబంధనకు ఎంత బలముంటుందో వరంగల్‌కు చెప్పనక్కర్లేదు. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల వైమానిక దూరంలో 25 ఏళ్లు ఇంకో విమానాశ్రయం రాకూడదని రాశారు. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది కాబట్టి వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం 2033 దాకా ఆగాల్సి వచ్చేది. నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదని రాసిచ్చాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం దారి ఇచ్చింది. పెట్టుబడి పెట్టినవాడికి రక్షణ ఎలా రాయాలో, పక్క ఊరి ప్రజలకు అది ఎంత భారమవుతుందో రెండూ ఆ ఒక్క క్లాజులో ఉన్నాయి. స్థానిక మధ్యతరహా సంస్థకు కొత్త టోల్ బీఓటీ వద్దనే చెప్తాం.

మున్సిపల్ పీపీపీ: పని చిన్నది, చిక్కులు ఎక్కువ

చెత్త శుద్ధి, మురుగునీటి శుద్ధి, పార్కింగ్, బస్టాండు వాణిజ్య సముదాయం. పెట్టుబడి ఇరవై ముప్పై కోట్లలో ఉంటుంది కాబట్టి స్థానిక సంస్థలకు ఇదే ముందు కనిపిస్తుంది. చెల్లించేవాడు మాత్రం నలుగురిలోకీ బలహీనుడు. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి వచ్చిన నెలల్లో కొత్త నిర్ణయం ఏదీ కదలదు. వినియోగ ఛార్జీ పెంచడానికి ఎన్నికల ముందు ఏ కౌన్సిలూ తీర్మానం చేయదు.

అందుకని ఇందులో ఛార్జీ వసూలు మీరే చేసుకునే రకాన్ని వదిలి, టన్నుకింత, కిలోలీటరుకింత అని కార్పొరేషన్ చెల్లించే రకాన్ని ఎంచుకోండి. ఆ చెల్లింపు ఆర్థిక సంఘం గ్రాంటు జమయ్యే ఖాతాకు ముడిపడి ఉంటే ఇంకా మంచిది. నీరు, మురుగు, చెత్త ప్రాజెక్టులకు కేంద్రం వ్యయంలో 30 శాతం దాకా, రాష్ట్రం మరో 30 శాతం దాకా వయబిలిటీ గ్యాప్ నిధి ఇచ్చే వీలును 2020 నవంబరులో కల్పించారు. షరతు ఏమిటంటే నిర్వహణ ఖర్చు పూర్తిగా రాబట్టగలగాలి. ప్రాజెక్టు నివేదిక, సలహాదారుల ఖర్చుకు ఐఐపీడీఎఫ్ (ప్రాజెక్టుల తయారీకి కేంద్ర నిధి) కింద 5 కోట్ల దాకా మున్సిపాలిటీ అడిగే వీలు పెట్టారు. సరైన సలహాదారు లేకుండా, ఇంకో ఊరి ఒప్పందంలో పేరు మార్చి తెచ్చిన టెండరు కనిపిస్తే దూరంగా ఉండండి.

ప్రమాణాల మార్పు ఇక్కడ గట్టిగా తగులుతుంది. 2017లో కేంద్రం మెట్రోలు కాని ఊళ్లకు శుద్ధి చేసిన నీటిలో బీఓడీ (మురికి ఎంతుందో చెప్పే కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 ఉండాలంది. 30కి డిజైన్ చేసిన ప్లాంటును 10కి తేవాలంటే అదనపు శుద్ధి దశ, ఎక్కువ కరెంటు, కొన్నిచోట్ల ఎక్కువ స్థలం. మరి ఇది 'చట్టం మార్పు' అవుతుందా? నమూనా ఒప్పందాల నిర్వచనంలో కోర్టు ఆఫ్ రికార్డ్ తుది తీర్పు అని ఉంటుంది. అంటే హైకోర్టు, సుప్రీంకోర్టు. ట్రిబ్యునల్ ఆదేశం అందులోకి వస్తుందా అన్నది తగవే. 'ట్రిబ్యునళ్లు, కాలుష్య నియంత్రణ మండలి ఆదేశాలు సహా' అన్న మాట చేర్చమని టెండరు దశలోనే రాసి అడగండి.

ఇదే ట్రిబ్యునల్ మీకు మేలు కూడా చేస్తుంది. చెత్త, మురుగు నిర్వహణలో వైఫల్యానికి 2022 అక్టోబరులో రాష్ట్రం మీద దాదాపు 3,800 కోట్ల పరిహారం వేసింది. మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డు లాంటి చోట్ల పాత చెత్త తవ్వి శుద్ధి చేసే పనికి డబ్బు ఆగిపోకుండా ఉండటానికి అధికారులకు ఉన్న భయం అదే. గడువు ఆదేశం వెనక ఉన్న పని, ఆదేశం లేని పనికన్నా త్వరగా బిల్లవుతుంది.

ఏజెన్సీలో అయితే

ములుగు, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వాణిజ్య సముదాయం, సోలార్, టూరిజం పీపీపీ అంటే భూమి దగ్గరే ఆగుతుంది. 1/70 (1970 నాటి భూ బదలాయింపు నిబంధన) కింద గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు ప్రకారం ప్రభుత్వం కూడా ప్రైవేటుకు లీజు ఇవ్వడానికి వీల్లేదు. లీజు హక్కును బ్యాంకుకు తాకట్టు పెట్టే ఒప్పందం ఇక్కడ నిలబడదు. దానికి అటవీ అనుమతి, గ్రామసభ తోడవుతాయి. కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు జీవో 49 చూడండి. 2025 మేలో వచ్చింది, ఆదివాసీల నిరసనతో జులైలో పక్కన పెట్టారు. అటూ ఇటూ ఏ ఉత్తర్వు మీదా అప్పు తేవడానికి లేదు. ఇక్కడ ఈపీసీ ఒక్కటే చేయండి.

సంతకానికి ముందు చదవాల్సిన నాలుగు చోట్లు

ముగింపు చెల్లింపు. నమూనా టోల్ ఒప్పందంలో తప్పు ప్రభుత్వానిదైనా, రాజకీయ ఘటన అయినా అప్పు మొత్తం, దానితోపాటు సర్దుబాటు చేసిన ఈక్విటీకి (మీ సొంత పెట్టుబడికి) 150 శాతం. పరోక్ష రాజకీయ ఘటన (రాష్ట్రవ్యాప్త సమ్మె, అల్లర్లు) అయితే బీమా పోగా అప్పు, 110 శాతం ఈక్విటీ. తప్పు మీదైతే అప్పులో 90 శాతమే, ఈక్విటీ సున్న. అనుమతిని అన్యాయంగా రద్దు చేయడం రాజకీయ ఘటన కిందే వస్తుంది. రాష్ట్ర, మున్సిపల్ పత్రాల్లో తరచూ ఈ శాతాలు కోసేస్తారు, అందుకే పక్కపక్కన పెట్టి చూడండి.

చట్టం మార్పు. బిడ్ తేదీ తర్వాత వచ్చినవే లెక్క. నమూనాలో ఏడాదికి కోటి రూపాయలు లేదా రుసుము ఆదాయంలో 0.5 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది దాటాలి. పది కోట్ల ఆదాయం ఉన్న చిన్న ప్రాజెక్టుకు కోటి అంటే పదో వంతు. ఆ గీతను 10 లక్షలకు దించమని అడగాలి.

నోటీసు. ఫోర్స్ మెజ్యూర్ (మీ చేతిలో లేని అవాంతరం) తెలిసిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. ఆపమని సైట్‌లో ఎవరో నోటితో చెబితే, అదే రోజు సాయంత్రం 'మీరు ఇన్ని గంటలకు ఇలా చెప్పారు, ఇన్ని యంత్రాలు, ఇంతమంది ఖాళీగా ఉన్నారు' అని ఈమెయిల్, తర్వాత రిజిస్టర్డ్ పోస్టు. సంబంధాలు చెడతాయని ఆగితే ఏడో రోజు దాటిపోతుంది. మర్యాదగా రాస్తే ఏ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కూడా తప్పుపట్టడు. వాళ్లకూ ఫైల్లో కాగితం కావాలి.

వివాదం. ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) క్లాజును అలవాటుగా పెట్టొద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ 3 మార్గదర్శకాల్లో చెప్పింది. పెట్టినా 10 కోట్ల లోపు వివాదాలకే పరిమితం చేయమన్నారు. ఆర్బిట్రేషన్ లేకపోతే సివిల్ కోర్టే, అంటే ఏళ్లు. మీతో ఒప్పందం రద్దు చేసి ఇంకొకరికి ఇస్తుంటే స్టే తెచ్చుకుందామన్న ధీమా కూడా వద్దు. 2018 స్పెసిఫిక్ రిలీఫ్ సవరణ ప్రకారం మౌలిక ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా కోర్టు ఇంజంక్షన్ ఇవ్వకూడదు. మిగిలేది నష్టపరిహారం కేసే. ఆర్బిట్రేషన్ గెలిచి ప్రభుత్వ సంస్థ అప్పీలుకెళ్తే, 75 శాతం బ్యాంకు గ్యారంటీ మీద తీసుకునే వీలు కేంద్ర సంస్థల్లో ఉంది. రాష్ట్ర సంస్థ ఒప్పందంలో అది ఉందో లేదో చూడండి. ఎక్కువగా ఉండదు.

ఇక ఎవరికి ఏది? టర్నోవర్ వంద కోట్ల లోపుంటే ఈపీసీ, దానితోపాటు కేంద్ర గ్రాంటు వెనకున్న టన్ను లెక్క మున్సిపల్ పని ఒకటి. వందా మూడొందల మధ్య ఉండి, బ్యాంకు గ్యారంటీ పరిమితిలో సగం ఖాళీగా ఉంటే ఎన్‌హెచ్‌ఏఐ హ్యామ్‌లో చిన్న వాటా. గ్యారంటీ పరిమితి నిండిపోతే 2022 నుంచి అనుమతించిన బీమా ష్యూరిటీ బాండు తీసుకుంటారా అని టెండరు పత్రంలో చూడండి. రాష్ట్ర హ్యామ్‌లో ఒంటరిగా దిగాలంటే, రెండు యాన్యుటీలు వరసగా రాకపోయినా సొంత డబ్బుతో బ్యాంకు వాయిదా కట్టగలనని మీ సీఏ కాగితం మీద రాసిచ్చాకే.

ఏది ఎంచుకున్నా పైన చెప్పిన సందేహాలన్నీ ప్రీ-బిడ్ ప్రశ్నలుగా గడువులోగా రాసి పంపండి. సమావేశంలో 'అది చూసుకుందాం లెండి' అన్న మాటకు విలువ లేదు. పోర్టల్‌లో అడెండంగా (టెండరు సవరణ పత్రంగా) ఎక్కిందే ఒప్పందంలో భాగం. జవాబు రాకపోతే ఆ రిస్కు మీదేనని ధర వేసుకోండి, లేదా బిడ్ వేయకండి.